రచనావ్యాసంగము – ధనార్జనము
(విస్సన్నపేటలో జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



ఈ సభయందు విద్యావిషయమున నాలుగు మాటలు పలుకుడని కార్యదర్శిగారు మమ్ము గోరిరి. ముప్పదియేండ్లు పాఠశాలలో సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గైకొన్నవారము. ఘనవిషయములు మాకు దెలియవు. గతమాసమున మా యింటి యరుగుమీద జరిగిన యొక సంభాషణమే నేటి ప్రసంగమునకు హేతువు.

మా పూర్వశిష్యుడొకడు, మన కులమువాడే, చక్కని తెలుగు వ్రాయగలవాడు, తండ్రితోగూడ వచ్చి యిట్లనెను: "మాస్టరుగారూ! ఉద్యోగము మానివేయదలచితిని. అంతర్జాలమున వ్యాసములు వ్రాసి, వాని ప్రక్కన వేయు ప్రకటనల సొమ్ముతో జీవింతును. రెండేండ్ల గ్రాసమునకును, పరికరములకును నాయనగారు రెండెకరముల మామిడితోటను తాకట్టుపెట్ట నంగీకరించినారు." తండ్రి తలవంచుకొని కూర్చుండెను. ఆనాడు మేమేమియు జెప్పలేకపోతిమి. ఇట్టి సంకల్పముగల యువకులు మన గ్రామములలో మరికొందరు గలరు గావున, ఆ సమాధానమును నేడు మీ యందరి యెదుట జెప్పుచున్నాము.

వ్రాతవలన ధనము గోరుట దోషము కాదు. మమ్మటుడు కావ్యప్రకాశమున కావ్యప్రయోజనములను లెక్కించుచు, కీర్తి పిదప ధనమునే చెప్పినాడు. అయితే దానికాయన చూపిన యుదాహరణమును గమనింపవలెను. శ్రీహర్షాదులవలన ధావకాదులకు ధనము లభించెనట! అనగా సొమ్మిచ్చినవాడు రాజు, చదివినవాడు కాడు. నాటికిని నేటికిని ఈ సంగతిలో గొప్ప మార్పు లేదు.

మన తెలుగుదేశమునే చూతము. 1874లో వివేకవర్ధనిని స్థాపించిన కందుకూరి వీరేశలింగము పంతులుగారు పత్రికను నమ్ముకొని అధ్యాపకత్వమును విడిచిపెట్టలేదు. మన కృష్ణామండలమున ఎలకుర్రులో జన్మించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి చరిత్రము ఇంకను స్పష్టమైనది. వారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును ప్రారంభించిరి. పదునైదేండ్ల పిమ్మట, 1908లో, ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించిరి. 1914లో చెన్నపట్టణమున దానిని దినపత్రికగా జేసి, 1924లో భారతిని నెలకొల్పిరి. ముందు తలనొప్పిమందు, తరువాత పత్రిక! మందు పత్రికను బోషించినది గాని పత్రిక మందును బోషింపలేదు. నేడా పత్రికలు రెండును లేవు. అమృతాంజనము మాత్రము అంగళ్లలో నున్నది. ఆ పత్రికలు మన భాషకు జేసిన సేవను దీనితో దక్కువ చేయుట లేదు. సేవ వేరు, రాబడి వేరు అని మాత్రమే మా మనవి.

ఇక నేటి విధానము. గూగులువారు యాడ్‌సెన్స్ అను ప్రకటనల యేర్పాటును 2003లో ప్రారంభించిరి. తెలుగు వ్రాతలకది 2018లో గాని లభింపలేదు. ఇందు సొమ్ము మన వ్రాత బాగుగా నున్నదని యిచ్చునది కాదు; ప్రకటనను జూచినవారి సంఖ్యను బట్టియు, ప్రకటనదారు ఇచ్చు ధరను బట్టియు వచ్చును. ఖాతాలో నూరు డాలరులు చేరువరకు చేతికందదు. లెక్క చూడుడు. పుట వేయిమార్లు చూడబడినచో ఏబది రూపాయలు వచ్చునని యూహింతము. ఇది లెక్కకొఱకు మేము గొన్న సంఖ్యయే. ఇంతకు దగ్గవచ్చును, పెరుగవచ్చును. నెలకు 15,000 రూపాయలు రావలెనన్న 3,00,000 మార్లు, అనగా దినమునకు 10,000 మార్లు, ఆ పుటలు చూడబడవలెను. ఏ యొక్కరికో అనుకొనని యదృష్టము పట్టవచ్చును, అది కాకతాళీయము. తాటిపండు రాలిన క్షణమున కాకి వ్రాలినదని, ప్రతి కాకియు తాటిచెట్టు క్రింద గాచుకొని యుండదగునా?

మామిడితోటల నడుమ బుట్టి పెరిగిన మనకు వేరొక దృష్టాంత మక్కరలేదు. బంగినపల్లి యంటు నాటిన నాలుగైదేండ్లకు గాని కాపునకు రాదు. మాఘమాసమున చెట్టెల్ల పూతయే. వేయిపూలలో పండగునవి ఒకటి రెండైన గొప్ప. ఒకయేడు విరగగాచిన చెట్టు మరుసటియేడు వెలవెలబోవుటయు గలదు. అందుచేతనే తెలివిగల రైతు పాడిని, అంతరపంటను విడువడు. పూతను జూచి అప్పుచేసి తోటను గుత్తకు గొన్నవాడు మంచుకును గాలికిని ఏమగునో మీకు మేము జెప్పవలెనా?

మా స్వానుభవము నొకదానిని మనవి చేసెదము. యౌవనమున మేమొక ఖండకావ్యము రచించి, మా గృహిణి గాజులు రెండమ్మి అయిదువందల ప్రతులు ముద్రింపించితిమి. అమ్ముడైనవి అరువదిరెండు. మెచ్చుకొన్న పెద్దలందఱు ఉచితముగానే గైకొనిరి. మిగిలినవి నేటికిని మా యటుకమీద నున్నవి. ఆ గాజులను గూర్చి ఆమె యెన్నడును మాటాడలేదు. ఆ మౌనమే మాకు గుణపాఠమైనది. అయినను వ్రాత మానలేదు. మానినచో మేము మేముగా నుండము.

కావున యువకులకు మా హితవిది. ఉద్యోగమును విడువకుడు. అప్పుచేసి వ్రాయకుడు. దినమునకొక గంట చొప్పున మూడేండ్లు వ్రాయుడు. వ్యయమును, రాబడిని చిట్టాలో నిజముగా నెక్కింపుడు. ప్రకటనలవలన కాగితపుఖర్చు వచ్చిన సంతసింపుడు. మంచిచేయి యని పేరు వచ్చినచో అనువాదము, అచ్చుతప్పులు దిద్దుట, బోధనము మున్నగు పనులు వెదకికొని వచ్చును. తిన్ననైన సంపాదనము తరచుగా ఆ దారినే వచ్చును.

పోషకులకును ఒక మాట. మీ పిల్లల వివాహములకు పందిళ్లమీద వ్యయించుదానిలో నూరవపాలు తెలుగు పుస్తకములు కొనుటకు వెచ్చింపుడు. రచయిత బహూకరించువరకు వేచియుండకుడు. ఈ సంచికకు వ్రాయు యువకులకు మన సంఘము శాలువతో సరిపెట్టక, స్వల్పమైనను పారితోషికము నిచ్చుగాక. రాజులు లేని కాలమున చదువరియే రాజు.

ఆ తండ్రికొడుకులు ఈ సభలోనే యున్నారు. నాయనా! తోట తోటగా నుండనిమ్ము. నీవు రాత్రివేళ వ్రాయుము; తొలిచదువరులము మేము, వెలయిచ్చియే చదివెదము.