ఒక్కరు కూర్చునే పందెపు కారు

(సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం ముగియగానే పందెపు కారును గురించి ప్రసంగమా అని కొందరు పెద్దలు నవ్వుకోవచ్చును. మన పేట కుర్రవాళ్లు సెలవు దొరికితే ఇరుంగాట్టుకోట్టై పందేలకు పరుగెత్తుతున్నారు. చక్రాలు బయటికి కనిపించే ఆ పొడుగాటి బండి ఎట్లా తయారవుతుందో వాళ్ల తలిదండ్రులకు కూడా తెలియడం మంచిదని కార్యదర్శిగారు కోరితే సరేనన్నాము. మేము ఇంజనీర్లము కాము. మెట్రిక్‌తో చదువు ముగించిన రైల్వే గూడ్సు గుమాస్తాలము. బరువు అంటే మాకు ఛార్జీ. పందెపు కారు కట్టేవారికి బరువు అంటే కాలం.

1962లో ఇంగ్లండులో లోటస్ కంపెనీ అధిపతి కాలిన్ చాప్‌మన్ ఒక కొత్త కారును దింపినారు. పేరు లోటస్ 25. ఈనాటి ఫార్ములా 1 కార్లు కూడా అది చూపిన దారినే నడుస్తున్నవి గనుక దానిని గురించే చెబుతాము.

ఆనాటి నిబంధనల ప్రకారం ఇంజను 1,500 సి.సి. మించకూడదు, బండి 450 కిలోలకు తగ్గకూడదు. ఒకరి ఇంజనుకూ మరొకరి ఇంజనుకూ శక్తిలో పెద్ద తేడా లేదు. ఇక గెలుపు ఎక్కడ దొరకాలి? మలుపుల దగ్గర దొరకాలి. మలుపులో చక్రాలు నేలను విడవకుండా చూసేవి స్ప్రింగులు. బండి ఒళ్లే మెలితిరుగుతూ ఉంటే స్ప్రింగులు ఏమి చేయగలవు? కుక్కిమంచం మీద ఎంత మంచి పరుపు వేస్తే ఏమి లాభం?

అంతవరకూ ఇటువంటి కార్లకు సన్నని ఉక్కు గొట్టాలు అతికి పంజరం వంటి చట్రం కట్టేవారు. పెట్రోలు తొట్లు, పైరేకు దానికి తగిలించిన బరువులు. అవి మోయించుకునేవే గాని మోసేవి కావు. చాప్‌మన్ ఆ పంజరాన్ని తీసివేసినారు. అల్యూమినియం రేకులు మడచి, పక్కకు ఒకటి చొప్పున రెండు పొడుగాటి పెట్టెలు చేయించి, వాటిని అడుగు రేకుతోనూ అడ్డగోడలతోనూ కలిపి రివెట్లు కొట్టించినారు. ఆ పెట్టెల లోపలే రబ్బరు సంచుల్లో పెట్రోలు. మొత్తం చూస్తే స్నానాల తొట్టివలె ఉంటుంది. అట్టముక్కను మెలిపెడితే మెలితిరుగుతుంది. అదే అట్టను పెట్టెగా మడిచి అతికితే అంత సులభంగా తిరగదు. రహస్యం అంతే. బరువు తగ్గింది, గట్టితనం పెరిగింది. దీనిని మోనోకాక్ అంటారు. విమానాల్లో ఈ పద్ధతి ముందే ఉన్నది. ఫార్ములా 1 పందేలకు పూర్తిగా ఇట్లా కట్టిన మొదటి బండి మాత్రం ఇదే.

పెరంబూరు వారికి ఇది వింత కాదు. పూర్వం రైలు పెట్టె అంటే ఉక్కు చట్రం మీద కూర్చోబెట్టిన కొయ్య ఇల్లు. 1955 అక్టోబరు 2న ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ ప్రారంభమైన తరువాత గోడలు, కప్పు, అడుగు అన్నీ ఒకటిగా కలిసి బరువు మోసే ఉక్కు పెట్టెలు ఇక్కడ తయారైనవి. ఇంటిగ్రల్ అన్న మాటకు అర్థం అదే. అక్కడ పనిచేసి పింఛను పుచ్చుకుంటున్న పెద్దలు ఈ సభలో ఉన్నారు. చాప్‌మన్ తొట్టిని వారికి మేము వివరించనక్కరలేదు.

డ్రైవరు జిమ్ క్లార్క్, స్కాట్లండు రైతు. ఆయనను పడక కుర్చీలో వలె వెనక్కు వాల్చి, బండిని బాగా పొట్టిగా చేసినారు. గాలికి ఎదురయ్యే ముఖం చిన్నదయింది. వీపు వెనుక ఎనిమిది సిలిండర్ల క్లైమాక్స్ ఇంజను.

1962 మేలో హాలండులో మొదటి పందెం. ముందు నడిచి, క్లచ్చి చెడి వెనుకబడింది. మరుసటి నెల బెల్జియంలో గెలిచింది. డిసెంబరు 29న దక్షిణాఫ్రికాలోని ఈస్ట్ లండన్‌లో ఆఖరి పందెం. గెలిస్తే ప్రపంచ బిరుదు. 82 చుట్లలో 60 దాకా క్లార్కే ముందు. అంతలో బండి వెనుక పొగ! ఇంజనులో ఒక చిన్న బోల్టు ఊడి నూనె కారిపోయింది. బిరుదు గ్రాహమ్ హిల్‌కు దక్కింది. 1963లో 10 పందేల్లో 7 గెలిచి క్లార్క్ దానిని తెచ్చుకున్నారు.

అంత గొప్ప ఊహ ఒక బోల్టు మీద నిలిచింది. మన రైలూ అంతే. కీమాన్ పట్టాల వెంట నడిచి బోల్టులు బిగించి వస్తాడు. అతని పేరు ఏ టైంటేబిలులోనూ ఉండదు.

మరొక సంగతి దాచకూడదు. ఆ బండిలో మనిషి పెట్రోలు సంచుల నడుమ పడుకునేవాడు. వేగం లెక్క కుదిరింది గాని ప్రాణం లెక్క కుదరలేదు. క్లార్క్ 1968 ఏప్రిల్ 7న జర్మనీలోని హాకెన్‌హైమ్‌లో మరొక లోటస్ బండి నడుపుతూ మరణించినారు. అప్పటికి ఆయన వయస్సు 32. ఆ తరువాత ఇంజనీర్లు క్రమంగా ఆ తొట్టినే మనిషికి కవచంగా మార్చినారు. 1981లో జాన్ బర్నార్డ్ మెక్‌లారెన్ కారుకు కార్బన్ ఫైబర్ తొట్టి చేసినారు. ఆ ఏడే ఇటలీలోని మోంజాలో ఆ బండి ఘోరంగా గుద్దుకున్నా, జాన్ వాట్సన్ నడిచి బయటికి వచ్చినారు. పెట్రోలు సంచి వీపు వెనుకకు పోయింది. 2018లో తలకు అడ్డంగా టైటానియం కమ్మి వచ్చింది. 2020 నవంబరు 29న బహ్రెయిన్‌లో రోమేన్ గ్రోజాన్ బండి రెండుగా చీలి మంటల్లో చిక్కుకున్నా ఆయన ప్రాణంతో దిగినారు. 2025 నిబంధన ప్రకారం మనిషితో సహా బండి కనీసపు బరువు 800 కిలోలు. అందులో బ్యాటరీ సరంజామా కొంత, మనిషి రక్షణ కోసం పెట్టినది కొంత. ఛార్జీలు వసూలు చేసే మేము కూడా ఈ రెండవ బరువుకు ఛార్జీ అడగము.

తలిదండ్రులకు ఒక మనవి. మన ఇళ్లలో కలం పట్టే ఉద్యోగానికి ఉన్న గౌరవం సుత్తి పట్టే పనికి లేదు. కలం పట్టినవాళ్లమే గనుక మేము ఈ మాట అనవచ్చును. కుర్రవాడు సైకిలు విప్పి ముందు పోసుకుని కూర్చుంటే చెవి మెలిపెట్టకండి. విప్పినదంతా మళ్లీ బిగించావా, ఆఖరి బోల్టు దాకా బిగించావా అని మాత్రం అడగండి.