రుద్రమ పేరు రుద్రమకే దక్కాలి

(విశాఖపట్నం ఆటోనగర్‌లో కార్మికులు, ఉద్యోగులు, విద్యార్థుల మధ్య మేం చేసిన ప్రసంగ పాఠం)



పొద్దంతా లేతు మిషన్ల దగ్గర, లారీ షెడ్లలో ఒళ్లు వంచి పనిచేసి వచ్చారు. మీ ముందు ఏడు వందల ఏళ్ల కిందటి రాణి ముచ్చట ఎందుకని కొందరు మమ్మల్ని అడిగారు. ఇందాక ఈ సందుల్లో నడుస్తూ బోర్డులు చదివాం. 'అండ్ సన్స్' అని కనిపించింది. 'అండ్ డాటర్స్' అని ఒక్కటీ కనిపించలేదు. తండ్రి మంచాన పడితే బిల్లులు రాసేది, బ్యాంకు చుట్టూ తిరిగేది కూతురే కావచ్చు. బోర్డు మీదికి మాత్రం కొడుకు పేరే ఎక్కుతుంది. కాకతీయ రుద్రమదేవికి జరిగిందీ ఇదే. అందుకే ఆమె గురించి మాట్లాడుతున్నాం.

గణపతిదేవుడు 1199లో ఓరుగల్లు గద్దెనెక్కి అరవై ఏళ్లకు పైగా ఏలాడు. తన తర్వాత రాజ్యం నడపడానికి కూతురు రుద్రమను ఎంచుకున్నాడు. ఆమె పాలన 1262 ప్రాంతం నుంచి 1289 దాకా సాగింది. శాసనాల్లో మాత్రం చాలాచోట్ల ఆమెను 'రుద్రదేవ మహారాజు' అని రాశారు. సింహాసనం మీద కూర్చున్నది ఆడబిడ్డ, రాతి మీద చెక్కింది మగపేరు. ఇవాళ మన పంచాయతీల్లో దీన్ని తిరగేసి చూస్తున్నాం. కాగితం మీద సర్పంచ్ ఆడమనిషి, కుర్చీలో కూర్చునేది ఆమె భర్త. రెండింటి వెనకా ఉన్న బుద్ధి ఒక్కటే: ఆడదాని చేతిలో అధికారం ఉందని ఒప్పుకోవడానికి మనసు రాకపోవడం.

వెనిస్ యాత్రికుడు మార్కోపోలో ఆమె న్యాయబుద్ధిని మెచ్చుకున్నాడు. కానీ ఆమెను చనిపోయిన రాజుగారి భార్య అనుకున్నాడు! తర్వాత పుట్టిన కథలూ ఆమెను గణపతిదేవుడి భార్యగా చెప్పాయి. రాజ్యం భార్యకు దక్కిందంటే నమ్మారు గానీ, కూతురికి దక్కిందంటే నమ్మలేకపోయారు. శాసనాలు బయటపడ్డాకే ఆమె కూతురన్న నిజం తేలింది.

ఆ కుటుంబాన్ని కొంచెం చూద్దాం. ఈ పెళ్లిళ్ల లెక్క తెలిస్తేనే ఆ రాజ్యం ఎట్లా నిలబడిందో అర్థమవుతుంది. గణపతిదేవుడు కృష్ణా తీరంలోని దివిసీమను గెలిచాక అక్కడి జాయప సేనాని అక్కచెల్లెళ్లు నారమ్మ, పేరమ్మలను పెళ్లాడాడు. ఆ జాయపే నృత్తరత్నావళి రాసినవాడు. రుద్రమను నిడదవోలు చాళుక్య వీరభద్రుడికి ఇచ్చారు. ఇంకో కూతురు గణపమ్మను ధరణికోట కోట బేతరాజుకు ఇచ్చారు. భర్త పోయాక గణపమ్మ తానే ఆ సీమను ఏలింది. గణపతిదేవుడి చెల్లెలు మైలమ్మ బయ్యారం చెరువు తవ్వించి, కాకతీయుల వంశక్రమాన్ని అక్కడి శాసనంలో రాయించింది. ఆ వంశంలో ఎవరి తర్వాత ఎవరో మనకు తెలిసిందంటే ఆ ఆడబిడ్డ పుణ్యం కూడా ఉంది.

రుద్రమకు ముమ్మడమ్మ, రుద్రమ, రుయ్యమ్మ అని ముగ్గురు బిడ్డలు. గద్దె వాళ్ల భర్తలకు పోలేదు. ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుడికి దక్కింది. అతను 1323 దాకా ఏలాడు. అంటే తాత నుంచి కూతురికి, ఆమె నుంచి కూతురి కొడుక్కి రాజ్యం నడిచింది. వీరభద్రుడు ఆమెకు భర్తే గాని, ఆ రాజ్యానికి రాజు కాలేదు. ఇది మనం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

'రుద్రమ మాది' అని ఇటువాళ్లు, 'మాది' అని అటువాళ్లు వాదించుకోవడం విన్నాం. ఓరుగల్లు ఆడబిడ్డ, నిడదవోలు కోడలు. ఇందులో తగువేముంది? మన ఉత్తరాంధ్ర సంగతీ నిజాయితీగా చెప్పుకుందాం. ఆమె కాలంలో ఈ తీరం తూర్పు గాంగులది. మన సింహాచలం గుడి ఇప్పటి రూపం దిద్దుకున్నది ఆ శతాబ్దంలో వాళ్ల ఏలుబడిలోనే. గాంగరాజు భానుదేవుడు వేంగి మీదికి దండెత్తితే రుద్రమ సేనానులు పోతినాయకుడు, ప్రోలినాయకుడు తిప్పికొట్టారు. ఆమె మన తీరానికి రాణి కాదు. అయినా ఆమె నుంచి నేర్చుకోవడానికి అది అడ్డు కాదు.

ఆమె ఏం చేసిందో 1261 నాటి మల్కాపురం శాసనం చెప్తుంది. తండ్రి ఇస్తానన్న మందడం గ్రామానికి తోడు వెలగపూడి కూడా కలిపి విశ్వేశ్వర శివాచార్యులకు దానమిచ్చింది. ఆ ఆదాయంతో మఠం, విద్యార్థుల భోజనం, ఆరోగ్యశాల, ప్రసూతిశాల నడిచాయి. పురుడు పోసే చోటు కావాలని ఏడు వందల యాభై ఏళ్ల కిందటే గుర్తించారు. నేడు సచివాలయం ఉన్నదీ ఆ వెలగపూడిలోనే. అక్కడి ఫైళ్ల మధ్య కూర్చున్న వాళ్లకు ఈ ముచ్చట తెలియాలి.

చివరి రోజుల్లో కాయస్థ అంబదేవుడు ఎదురు తిరిగాడు. నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గరి చందుపట్లలో 1289 నవంబర్ 27 నాటి శాసనం ఉంది. రుద్రమ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని, వాళ్ల పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే ఆయన దానం చేశాడని ఆ రాయి చెప్తుంది. రాజులు కాదు, ఒక కొలువు మనిషి ఆమె మరణాన్ని మనకు మిగిల్చాడు. ఆ రాతి మీద ఆమె రుద్రమదేవిగానే ఉంది.

మిత్రులారా! 1986లో చేసిన రాష్ట్ర చట్టం ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఇచ్చింది. 2005లో దేశమంతటికీ అదే వచ్చింది. చట్టం వచ్చినా మన ఇళ్లల్లో 'అన్నదమ్ముల మీద కేసు వేస్తావా' అని బిడ్డ నోరు నొక్కే పెద్దలు ఇంకా ఉన్నారు. గణపతిదేవుడు కూతురికి రాజ్యమే ఇచ్చాడు. మనం షెడ్డులో వాటా ఇవ్వడానికి వెనకాడుతున్నాం.

రుద్రమ విగ్రహానికి దండ వేయడం సులువు. రేపు పొద్దున షెడ్డు తెరిచినప్పుడు బోర్డు వైపు ఒక్కసారి చూడండి. ఎవరి కష్టమో వాళ్ల పేరు అక్కడ ఉందా అని అడగండి. లేకుంటే రాయించండి. ఏడు వందల ఏళ్ల తర్వాత ఎవరో రాయి వెతికి చదివి, ఇది ఫలానా ఆడబిడ్డ చేసిన పని అని తేల్చాల్సిన అవసరం రాకూడదు.