నంద్యాల షేలు, గోదావరి చమురు

ఆళ్లగడ్డ శిల్పశాలలలో ఉలికి లొంగి దేవతామూర్తియగు రాతిని మీరెఱుగుదురు. నంద్యాల షేలు అను పేరున భూగర్భశాస్త్ర గ్రంథములకెక్కిన శిలాస్తరమును మన సీమదే. షేలు అను పొరల రాతియందు కొన్నిచోట్ల చమురు పుట్టుట కలదు. కాని ప్రభుత్వ చమురు సంస్థయైన ఓఎన్‌జీసీ మన రాష్ట్రమున బావులు త్రవ్వి చమురును, సహజవాయువును తోడుచున్నది మాత్రము కృష్ణా గోదావరీ తీరములందు. చమురు వ్యాపారము అధికభాగము విదేశీ కంపెనీల గుప్పిటనున్న నాళ్లలో, నాటి కేంద్రమంత్రి కేశవదేవ మాలవీయుని పట్టుదలవలన 1956 ఆగస్టు 14న ఏర్పడిన యీ సంస్థ, గుజరాతునందలి ఖంబాతులోను, అంకలేశ్వరులోను చమురు గనుగొని, 1974లో బొంబాయి హై వద్ద సముద్రగర్భమునే ఛేదించినది. కోనసీమలోని తాటిపాకలో చిన్న శుద్ధికర్మాగారము నెలకొల్పినది. 1995 జనవరిలో పాశర్లపూడి బావి యంటుకొని రెండు నెలలకు పైగా మండుటయు నీ చరిత్రలోనిదే, దానిని దాచిపెట్టుట తగదు. ఇంత శ్రమించినను, మన దేశము వాడు ముడిచమురులో నూటికి ఎనుబది పాళ్లకు పైగా నేటికిని దిగుమతియే.