పరిశోధన – ప్రజల ముంగిలి

(పాఠశాల ప్లాటినం జూబిలీ మహాసభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



బరంపురంలో తెలుగు పిల్లల కోసం పెద్దలు వెలిగించిన ఈ దీపానికి నేటికి డెబ్బది అయిదేండ్లు నిండాయి. ఈ బల్లల మీద కూర్చుని ఓనమాలు దిద్దుకున్న నేను పశువైద్యుడినై, ఈ జిల్లా పల్లెలలోనే ఉద్యోగజీవితం గడిపి, తల నెరసి మళ్ళీ ఇక్కడికి వచ్చాను. శాస్త్ర పరిశోధన సామాన్యునికి ఏ విధంగా ఉపకరిస్తుందో చెప్పమని నిర్వాహకులు ఆదేశించారు. పాండిత్యంతో చెప్పగలవాడిని కాను. నేను చేసిన ఒక పొరపాటుతో ఆరంభిస్తాను.

1995 ప్రాంతం. ఉద్యోగంలో చేరిన కొత్త. ఒక పల్లెలో మేకలు చనిపోతున్నాయని కబురు వస్తే ఫారాల కట్ట పట్టుకుని వెళ్ళాను. జ్వరం, ముక్కు కారడం, నోటిపూత, పారుడు – అన్నీ రాసుకున్నాను. మంద కాసే ఒక ముసలమ్మ నా వెంటే తిరుగుతూ, "బాబూ, సంత మేకలు మందలో కలిసినాకే ఈ తెవులు వొచ్చింది" అన్నది. ఒకసారి కాదు, మూడుసార్లు అన్నది. నా ఫారంలో ఆ మాటకు గడి లేదు. "సరేనమ్మా" అని ముందుకు సాగాను. కొత్త మేకలను వేరుగా కట్టమని చెప్పలేదు. రెండు వారాలు గడవకముందే పక్క పల్లెలలో కూడా మేకలు చనిపోయాయి.

మేకల ప్లేగు అని మనం పిలిచే పి.పి.ఆర్. వ్యాధిని మన దేశంలో మొదట గుర్తించింది 1987లో, తమిళనాడులో. ఆనాడు నేను చూసినది అదేనని ప్రయోగశాల నిర్ధారించలేదు. లక్షణాలు మాత్రం అవే. కొత్తగా కొన్న జీవాలను కనీసం మూడు వారాలు వేరుగా ఉంచాలన్నది నేడు ప్రతి పశువైద్యుడూ చెప్పే మొదటి జాగ్రత్త. బడి ముఖం చూడని ఆ తల్లి ఆ సూత్రాన్ని నాకంటే ముందే కనిపెట్టింది. ఆమె చెప్పింది నా మాతృభాషలోనే. అయినా నేను వినలేదు.

పరిశోధన ప్రశ్న ప్రజల ముంగిట పుట్టాలి, దాని ఫలం ఆ ముంగిటికే తిరిగి రావాలి. ఈ రెండు ప్రయాణాలలో ఏది ఆగినా ఆ పరిశోధన సగమే. ఈ రోజు నేను చెప్పదలచినది ఇదొక్కటే. ఇందుకు దృష్టాంతాలు వెదకడానికి దూరం పోనక్కరలేదు.

మొదటిది విద్యారంగం. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు 1880లో, నాటి గంజాం జిల్లాలోని పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా చేరారు. చుట్టుపక్కల కొండలలోని సవర పిల్లలు బడికి రాకపోవడం, వచ్చినా నిలవకపోవడం ఆయన గమనించారు. పిల్లలు మందమతులని తీర్పు చెప్పి ఊరుకోలేదు. బడిలోని భాష వారి ఇంటి భాష కాదని గ్రహించారు. సవర భాష నేర్చుకున్నారు, ఆ భాషలో వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో బడులు నడిపారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి. ఒక పల్లె బడిలో ఎదురైన చిక్కు నుంచి పుట్టిన పరిశోధన ఇది. 2006–07లో ఒడిశా ప్రభుత్వం గిరిజన బాలలకు మాతృభాషలో ప్రాథమిక విద్య ఆరంభించినప్పుడు ఎంచుకున్న భాషలలో సవర ఒకటి. ఒక బడిపంతులు వేసిన ప్రశ్న నూరేండ్లకు కూడా కాలం చెల్లలేదు.

రెండవది వ్యవసాయం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి మన బరంపురం అందులో చేరింది. మనుషులు గీసుకున్న ఆ సరిహద్దు వరి కంకికి తెలియదు. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధనా కేంద్రం నుంచి 1982లో వచ్చిన ఎం.టి.యు. 7029 వంగడాన్ని 'స్వర్ణ' అనే పేరుతో ఒడిశా రైతు తన సొంతం చేసుకున్నాడు. దిగుబడి బాగున్నా దానికొక లోపం ఉండేది. వరద నీటిలో వారం, పది రోజులు మునిగితే పైరు కుళ్ళిపోయేది.

ఆ లోపానికి విరుగుడు ఒడిశాలోనే దొరికింది. 'ధలపుటియా' అనే ఇక్కడి నాటు వరి నుంచి ఎంపిక చేసిన ఎఫ్.ఆర్. 13ఎ రకం మునకను తట్టుకుంటుందని శాస్త్రజ్ఞులకు చాలా కాలంగా తెలుసు. నీట మునిగినప్పుడు సాధారణ వరి పైకి సాగాలని పెనుగులాడి, నిల్వ ఉన్న శక్తినంతా ఖర్చుచేసి నశిస్తుంది. ఈ రకం ఎదుగుదలను ఆపి, శక్తిని దాచుకుని, నీరు తీశాక మళ్ళీ చిగురిస్తుంది. ఆ గుణానికి మూలమైన జన్యువును 2006లో గుర్తించారు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థలో దానిని స్వర్ణలోకి తెచ్చారు. కటకంలో 1946లో స్థాపించిన కేంద్ర వరి పరిశోధనా సంస్థ వంటి చోట్ల పరీక్షించిన పిమ్మట, 2009లో 'స్వర్ణ సబ్–1' మన రైతులకు విడుదలయింది. అది రెండు వారాల వరకు మునకను ఓర్చుకుంటుంది. ఒక తెలుగు వంగడానికి ఒక ఒడియా నాటు వరి ప్రాణశక్తినిచ్చింది. ఇంట తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడే మన పిల్లలకు ఈ కథ వేరే వ్యాఖ్యానం లేకుండానే అర్థమవుతుంది.

మూడవది అర్థశాస్త్రం. ఈ విత్తనం వల్ల నిజంగా మేలు కలిగిందా, కలిగితే ఎవరికి అన్నది ఆర్థికవేత్తలు వేసిన ప్రశ్న. ఒడిశాలోని 128 గ్రామాలలో కొందరు రైతులకు విత్తనమిచ్చి, ఇవ్వనివారితో పోల్చిచూశారు. పది రోజుల మునకలో ఈ రకం పాత స్వర్ణకంటే దాదాపు 45 శాతం ఎక్కువ పండింది. పల్లపు భూములు ఎక్కువగా షెడ్యూల్డు కులాల రైతుల చేతిలో ఉన్నందున వారికే అధిక లాభం కలిగే అవకాశం ఉన్నదని తేలింది. మరొక సంగతి: పంట పోతుందన్న భయం తగ్గినవారు ధైర్యంగా ఎరువులకూ, మేలైన సాగు పద్ధతులకూ పెట్టుబడి పెట్టారు. భయం కూడా పేదరికానికి ఒక కారణమని ఈ లెక్కలు చూపాయి.

మన ఊరికి మరీ చేరువైన నిదర్శనం మొహుదాలోని గ్రామవికాస్ సంస్థ. 1979లో ఏర్పడిన ఈ సంస్థ 1992లో మంచినీరు, మరుగుదొడ్ల పథకం ఆరంభిస్తూ ఒక కఠిన నియమం పెట్టింది. ఊరిలో ప్రతి కుటుంబమూ చేరితేనే పని మొదలవుతుంది. ఒక్క ఇల్లు మిగిలినా లేదు. ప్రతి ఇంటినుంచీ సగటున వెయ్యి రూపాయల మూలధనం సేకరించాలి; కలవారు ఎక్కువ, లేనివారు తక్కువ. దానిపై వడ్డీతో ఊరిలో కొత్తగా వెలిసే కుటుంబాలకు సౌకర్యం కల్పించాలి. ఒక్క ఇంటివారు బయటికి వెళ్ళినా ఊరందరి నీరూ కలుషితమవుతుందన్నది ఇందులోని తర్కం. 2019లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందినవారిలో ఒకరైన ఎస్తేర్ దుఫ్లో, తన సహ పరిశోధకులతో ఈ పథకం నడిచిన సుమారు నూరు గ్రామాలను పరిశీలించారు. చికిత్స అవసరమైన అతిసార కేసులు 30 నుంచి 50 శాతం తగ్గాయని, ఆ మేలు అయిదేండ్లకు పైగా నిలిచిందని వారు తేల్చారు.

నాలుగవది కంప్యూటరు. 1999 అక్టోబరులో మన గంజాం తీరాన్ని ఒక తుపాను తాకింది. పన్నెండు రోజులు తిరగకుండానే 29న మహా తుపాను పారాదీప్ వైపు విరుచుకుపడి దాదాపు పదివేల మందిని బలిగొన్నది. 2013 అక్టోబరు 12 రాత్రి గంటకు రెండువందల కిలోమీటర్లకు పైబడిన గాలితో ఫైలిన్ తుపాను గోపాలపురం వద్దనే తీరం దాటింది. ఇళ్ళు కూలాయి, తోటలు నేలమట్టమయ్యాయి. మృతుల సంఖ్య మాత్రం రాష్ట్రం మొత్తం మీద పదులలోనే ఆగింది. వాతావరణాన్ని గళ్ళుగా విభజించి, ప్రతి గడిలోని గాలి, పీడనం, తేమలను లెక్కకట్టే కంప్యూటర్లు తుపాను దారిని రోజుల ముందే చెప్పగలిగాయి. సుమారు పది లక్షల మందిని ముందుగానే సురక్షిత స్థానాలకు తరలించారు.

అయితే కంప్యూటరు ఎవరినీ చేయి పట్టుకుని ఇల్లు దాటించలేదు. గోపాలపురం పరిసరాలలో సముద్రం మీద బతికే మన జాలరులలో అనేకులు తెలుగువారు. పడవనూ, వలనూ వదిలి రమ్మంటే ఊరకే రారు. వారు నమ్మే మనిషి, వారికి తెలిసిన మాటలో చెప్పాలి. లెక్క చేసిన యంత్రానికీ, కదలవలసిన కుటుంబానికీ నడుమ ఆ చివరి మైలు ఎప్పుడూ భాషదే.

అయిదవది నా వృత్తి అయిన పశువైద్యం. 1954లో ఇదే జిల్లా భంజనగర్‌లో మేకల ఒంటి మీది పిడుదులను సేకరించి, పూణేలోని వైరస్ పరిశోధనా కేంద్రంలో పరీక్షించగా ఒక కొత్త వైరస్ కనిపించింది. దానికి 'గంజాం వైరస్' అని పేరు పెట్టారు. ఆఫ్రికాలో 1910లోనే కనుగొన్న నైరోబీ గొర్రెల వ్యాధి వైరస్‌కు ఇది మరో రూపమేనని 2002లో జన్యు పరీక్షలు తేల్చాయి. మన జిల్లా పేరు ప్రపంచ శాస్త్రగ్రంథాలలో ఉన్నది. కానీ ఆ పేరు మన గొల్లలలో ఎందరికి తెలుసు? మేకల ఒంటిన పిడుదులు లేకుండా చూసుకోవాలన్న చిన్న జాగ్రత్త ఎందరి దొడ్లకు చేరింది? ప్రశ్న మన ముంగిట పుట్టింది. జవాబు పూర్తిగా తిరిగి రాలేదు. ఆ లోటుకు నావంటి వారం బాధ్యులం.

పెద్దలారా, తెలుగు తరగతులలో పిల్లలు తగ్గిపోతున్నారన్న బెంగ నేడు ఈ సభలో అందరి ముఖాలలోనూ కనిపిస్తున్నది. ఈ బడితో ఇంకేమి ప్రయోజనమని అడిగే తల్లిదండ్రులను నేను తప్పుపట్టను. పిల్లల భవిష్యత్తు మీద వారికి భయం ఉన్నది. వారికి నా మనవి ఇది: ఇంగ్లీషు నేర్పండి, ఒడియా చక్కగా నేర్పండి. తెలుగును మాత్రం తీసివేయకండి. మూడు భాషలు తెలిసిన పిల్లవాడు ప్రయోగశాల మాటను దొడ్డికీ, దొడ్డి మాటను ప్రయోగశాలకూ చేర్చగలడు. అటువంటి మనిషి కొరత ఎంతటిదో నా ఉద్యోగం నాకు నేర్పింది.

ఉపాధ్యాయులకు ఒక చిన్న సూచన. ఎనిమిదవ తరగతి నుంచి ప్రతి విద్యార్థి చేత ఒక పరిశీలన పుస్తకం రాయించండి. ఇంటి చుట్టూ ఏ నెలలో ఏ పైరు, ఏ పశువుకు ఏ తెవులు, బావిలో నీరు ఎంత లోతు, సంతలో ధర ఎంత – తేదీతో సహా, పెద్దలు వాడిన మాటలలోనే రాయాలి. ఏడాదికొకసారి వాటిని జిల్లాలోని కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రజ్ఞులకు చూపండి. నేడు కంప్యూటర్లు కూడా రాసి ఉన్న మాటలనుంచే భాష నేర్చుకుంటున్నాయి. మన గంజాం తెలుగులోని పంటల పేర్లు, రోగాల పేర్లు ఎవరూ రాయకపోతే ఆ యంత్రాలకు అవి తెలియవు. ముసలమ్మ మాటకు మళ్ళీ గడి ఉండదు.

సహాధ్యాయులకు ఒక ప్రార్థన. మనలో వైద్యులు, ఇంజనీర్లు, అధ్యాపకులు, పరిశోధకులు ఉన్నారు. ఏడాదికొక పూట ఇక్కడికి వచ్చి, చేస్తున్న పని ఏమిటో ఈ పిల్లలకు తెలుగులో చెప్పండి. చెప్పలేకపోతే, మన పని మనకే పూర్తిగా అర్థం కాలేదేమోనని ఒకసారి ఆలోచించుకుందాం. ముందుగా నా పేరు రాసుకోమని ప్రధానోపాధ్యాయులను కోరుతున్నాను.

ఆ ముసలమ్మ నేడు లేదు. క్షమాపణ చెప్పుకునే అవకాశం నాకు మిగలలేదు. ఈ బడి పిల్లలలో ఒక్కరైనా, ఆమెవంటి తల్లి మాట చెప్పినప్పుడు ఆగి, విని, రాసుకుంటే నా ఋణం కొంత తీరుతుంది.

ఈ పాఠశాల శతవసంతాలు చూడాలని ఆకాంక్షిస్తున్నాను.