ఔషధముగా గంజాయి: ప్రభుత్వ బాధ్యత

(సిరిసిల్ల ప్రాంత గ్రామస్థుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



గంజాయి పేరెత్తగనే మనకు పోలీసు దాడులును, దారి తప్పిన యువకులును గుర్తునకు వత్తురు. అది సహజమే. కాని ఆ మొక్కకు వైద్యముతో గల సంబంధము మిక్కిలి పాతది. ఆయుర్వేదమున దీనికి విజయ, భంగ అను పేర్లు కలవు. వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలసిన విషద్రవ్యముల పట్టికలో మన ఔషధ నిబంధనలు దీనిని నేటికిని చేర్చియున్నవి. హాని చేయు సరకును అరికట్టుచు, రోగికి కావలసిన మందును అందించు భారము ఎవరిది? అది ప్రభుత్వమునదే యని మా దృఢ విశ్వాసము.

1985లో పార్లమెంటు మాదకద్రవ్యముల చట్టమును చేసినది. దాని 8వ సెక్షను గంజాయి సాగును, అమ్మకమును, దగ్గర ఉంచుకొనుటను నిషేధించుచు, వైద్య, శాస్త్రీయ ప్రయోజనములకు మాత్రము నిబంధనల మేరకు వీలు కల్పించినది. 10వ సెక్షను ఆ సాగును, చరస్ మినహా గంజాయి తయారీని, రవాణాను, అమ్మకమును అనుమతించి క్రమబద్ధము చేయు అధికారమును రాష్ట్ర ప్రభుత్వములకు ఇచ్చినది. తలుపునకు తాళము వేసిన చట్టమే తాళపుచెవిని ప్రభుత్వము చేతిలో ఉంచినది. దొంగను లోనికి రానీయకుండుట ఒక విధి. ఇంటివానికి తలుపు తీయుట మరియొక విధి.

రెండవ విధిని మరచినచో ఏమగునో మార్ఫిన్ చరిత్ర చెప్పును. నల్లమందు నుండి తీయు ఈ మందు కాన్సరు బాధను ఉపశమింపజేయును. నల్లమందు మన దేశముననే ప్రభుత్వ అనుమతితో పండుచున్నది. అయినను 1985 తరువాత ఆసుపత్రులు పలు శాఖల లైసెన్సుల కొరకు తిరుగవలసి వచ్చుటచే, అనేక చోట్ల ఆ మందు నిలువ ఉంచుటయే మానివేసిరి. రోగులు బాధతోనే కన్నుమూసిరి. 2014లో చట్టము సవరింపబడినది. 2015 నుండి మార్ఫిన్‌తో కలిపి ఆరు మందులకు ఒకే విధానము ఏర్పడినది: శిక్షణ పొందిన వైద్యుడు గల సంస్థకు రాష్ట్ర ఔషధ నియంత్రణాధికారి గుర్తింపు నిచ్చును, ఆ సంస్థ నిలువ లెక్కలు వ్రాసి చూపవలెను. కట్టుబాటు సడలలేదు, రోగికి దారి దొరకినది.

గంజాయి విషయమునను ఇట్టి మార్గమే కావలెను. దీని నుండి తీసిన కాన్నబిడయోల్ అను మందును, పిల్లలకు వచ్చు కొన్ని తీవ్రమైన మూర్ఛవ్యాధులకు అమెరికా ఔషధ సంస్థ 2018లో ఆమోదించినది. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యముల సంఘము గంజాయిని 1961 నాటి ఒప్పందములోని అతి కఠినమైన పట్టిక నుండి తొలగించినది. భారతదేశము అందులకు అనుకూలముగ ఓటు వేసినది. అయినను అది నియంత్రణలోనే యున్నది. గంజాయి కాన్సరును నయము చేయునని ఋజువు కాలేదు. చిన్న వయస్సున పీల్చువారికి మతిభ్రమణము కలుగు ప్రమాదమును కలదు.

మరమగ్గము నాపి, మంచము పట్టిన తల్లిని వెంటబెట్టుకొని హైదరాబాదునకు పోవు నేతకార్మికునికి ప్రయాణపు ఖర్చుతో పాటు ఆనాటి కూలియు పోవును. దారి లేనిచో అతడు లేబులు లేని నూనె సీసాను దొంగచాటుగా కొనును. అందులో ఏమున్నదో అమ్మినవానికే తెలియదు. అందుచే ప్రభుత్వము మందు బలమును పరీక్షింపజేయవలెను. వైద్యుని చీటీపైననే ఇప్పింపవలెను. లెక్కలు తనిఖీ చేయవలెను. జిల్లా ఆసుపత్రి వరకు, పేదవానికి అందు ధరలో చేర్చవలెను. వీనిలో ఏ ఒక్కటి లోపించినను తక్కినవి నిష్ప్రయోజనము.

మన వంతు కర్తవ్యమును కలదు. ఊరూపేరూ లేని నూనెలను కొనకుడు. రోగి ఏమి వాడుచున్నాడో వైద్యునికి దాచక చెప్పుడు. బాధను కర్మమని సహింపక, నొప్పి తగ్గించు వైద్యము కొరకు ప్రభుత్వాసుపత్రిలో అడుగుడు. అడుగువారున్నచోటనే ఇచ్చు బాధ్యతయు మేల్కొనును.