తొలి జ్ఞాపకం పెట్టిందెవరు?

మనిషి తొలి జ్ఞాపకంలో లోకాన్ని అతను చూసే చూపు దొరుకుతుందన్నాడు ఆల్ఫ్రెడ్ ఆడ్లర్. సరే, మన పిల్లలకు ఆ జ్ఞాపకం పెట్టిందెవరు?

1911 నేరస్థ తెగల చట్టం పుట్టుకకే నేరం అంటగట్టింది. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసే అధికారమిచ్చింది. స్టువర్టుపురంలో ఎరుకల కుటుంబాల్ని హాజరు పట్టీకి కట్టేశారు. అది చూస్తూ పెరిగిన బిడ్డకు రాజ్యమంటే ఏం గుర్తుంటది? 1952లో చట్టం పోయింది, ముద్ర పోలేదు.

2015 బాల న్యాయ చట్టం ప్రకారం ఘోర నేరమైతే 16 ఏళ్లు నిండినోణ్ణి పెద్దవాడిలా విచారించొచ్చు. నేరం జరిగిన పరిస్థితులు కూడా చూడమంటుంది ఆ చట్టమే. ఆ పరిస్థితులు ఆ రోజే పుట్టాయా?

తరగతిలో పెన్ను పోతే ముందు వాడ పిల్లల సంచులే ఎందుకు వెతుకుతారు? ఏడేళ్లకే దొంగ అనిపించుకున్నోడు పదహారేళ్లకు ఏం కావాలి? ఆ చెయ్యి ఆపడం ఉపాధ్యాయులుగా మన మొదటి పని.