రక్తపుపోటు - దాని కారణములు



పి.గన్నవరము వద్ద డొక్కా సీతమ్మగారి పేరిట నున్న అక్విడక్టుమీదుగా కాలువనీరు వైనతేయ గోదావరిని దాటి ఆవలి చేలకు పోవుచున్న సంగతి మీ రెరిగినదే. నీరు గట్టునకు లోబడి నడచినంతకాలము చేలు పండును. ఒరవడి మితిమీరినచో గట్టు లోలోపల కోసికొనిపోయి, ఒకనాటి రాత్రి గండిపడును. మన దేహమందలి రక్తనాళముల తీరును ఇట్టిదే. గుండె త్రోసిన రక్తము నాళముల గోడలపై చూపు ఒత్తిడియే రక్తపుపోటు. కొలిచినపుడు పై అంకె 120కి, క్రింది అంకె 80కి లోపుగా నుండుట మేలు. పలుమారులు కొలిచినను పైది 140కి గాని, క్రిందిది 90కి గాని తగ్గకున్నచో అది వ్యాధి.

ఇది పట్టణవాసుల జబ్బని తలపకుడు. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములందు మరణకారణములను విచారింపగా, ఇంచుమించు మూడింట నొకటి గుండె, రక్తనాళముల వ్యాధులవలన సంభవించినట్లు తేలినది. ఆ వ్యాధులకు పెద్దదారి రక్తపుపోటే.

పెక్కుమందిలో దీనికి కారణము ఒక్కటి కాదు. అనేకములు కూడి వచ్చును. వయసు, వంశము మన చేతిలో లేనివి. వయసు ముదిరినకొలది నాళములు బిరుసెక్కును. తలిదండ్రులకు ఉన్నచో బిడ్డలు ముందుగనే మెలకువతో నుండవలెను.

మన చేతిలో నున్నవానిలో మొదటిది ఉప్పు. అది దేహమున నీటిని నిలిపి పోటును పెంచును. దినమునకు 5 గ్రాములకు, అనగా ఒక చిన్నచెంచాకు, లోపుగా వాడుమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆవకాయ, అప్పడము, ఎండుచేప విస్తరిలోనికి వచ్చుసరికి ఆ చెంచా నిండనే నిండును. స్థూలకాయము, నడక లేమి, మద్యపానము తరువాతివి. చుట్ట నాళములను చెరచి అపాయమును ఇనుమడింపజేయును. మూత్రపిండముల వ్యాధియు, మోకాళ్లనొప్పులకని వైద్యు నడుగక చిరకాలము మ్రింగు కొన్ని మాత్రలును పోటును హెచ్చించును.

కోపిష్ఠులకే ఇది వచ్చునని మనవారి నమ్మకము. శాంతమూర్తులకును వచ్చును. తలనొప్పి లేదు గనుక పోటు లేదనుటయు సరికాదు. ఏ బాధయు తెలియనీయక పక్షవాతమువరకు కొనిపోవుట దీని స్వభావము. కొలిపించుకొనుటయే దీనిని తెలిసికొను మార్గము. అంకె దిగినదని మందు మానరాదు. దానిని దింపినది ఆ మందే.

మీరు ఊరికి పెద్దలు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి మొదట మీ చేతికి పట్టీ కట్టించుకొనుడు. అది చూచి తక్కినవారును జంకు విడిచి వత్తురు.